కుట్టు హాలులో నెట్టు

“మళ్ళీ కొట్టవే. ఈసారి నిదానంగా కొట్టు,” అంది గుండీలత్త.

కాలర్లు కుట్టే పిల్ల చీటీ చూసుకుంటూ ఒక్కో అక్షరం కొట్టింది. పాస్‌వర్డు తప్పంది పాత కంప్యూటరు. పక్కనున్న కొత్తదీ అదే మాట అంది, కాకపోతే కాస్త రంగుల్లో అంది.

నెట్టు మెకానిక్కు స్టూలెక్కి గోడనున్న రౌటరు చూస్తున్నాడు. పదకొండింటికి వచ్చినవాడు, మూడు దాటినా దిగలేదు. కింద ముప్పై రెండు మంది ఆడవాళ్ళు మిషన్లు ఆపి అతని మొహమే చూస్తున్నారు.

వాళ్ళ తొందర వాళ్ళది. పనివాళ్ళ తరఫున మాట్లాడే ప్రతినిధి కోసం పొద్దున ఏడింటికి మొదలైన ఓటింగు సాయంత్రం ఐదుకు ముగుస్తుంది. ఓటు ఫ్యాక్టరీ నెట్టులోనే వేయాలి, ఫోన్లలో చెల్లదు. నిలబడ్డది ఇద్దరు. ఒకడు మేనేజరు బావమరిది. మూడేళ్ళుగా ప్రతినిధి, ఆవలింతకు తప్ప నోరు తెరిచి ఎరగడు. రెండో మనిషి గుండీలత్త. చొక్కాలకు గుండీలు కుట్టీ కుట్టీ అసలు పేరు అరిగిపోయి ఈ పేరు మిగిలింది.

ఆమె అడిగేది ఒకటే. ఆడవాళ్ళ బాత్రూం తాళంచెవి మేనేజరు కుర్చీ వెనక మేకుకు వేలాడుతుంది. కావలసినవాళ్ళు వెళ్ళి ఆయనెదుట నిలబడాలి. ఆయన గడియారం చూసి, మనిషిని చూసి, అప్పుడిస్తాడు. అత్త గెలిస్తే ఆ చెవి హాలు గోడకు వస్తుంది.

మెకానిక్కు స్టూలు దిగి తన సొంత లాప్‌టాప్ తీశాడు. చీటీలో ఉన్నది కొట్టాడు. తప్పంది. అతనికి సంగతి తెలిసిపోయింది. పాతదీ కొత్తదీ బయటిదీ మూడూ కూడబలుక్కుని అబద్ధమాడవు. రోగం కంప్యూటర్లకు కాదు, చీటీకి.

తిన్నగా మేనేజరు గదికి పోయాడు.

“సార్, మీరిచ్చిన పాస్‌వర్డు ఆ రౌటరుది కాదు. ఎవరో మార్చారు.”

“ఎవరో ఏంటయ్యా, నేనే మార్చాను. తలుపెయ్యి.”

వేశాడు.

“మధ్యాహ్నం భోజనాలప్పుడు వేద్దామని చూశారు వీళ్ళు. తొమ్మిదికి రాగానే మార్చి పారేశా. ఎవరి ఓటూ పడకపోతే పాత ప్రతినిధే ఉంటాడు, రూలు. గోడౌనులో నా మనుషులు నలభై మందిని వరసగా నిలబెట్టి వేయిద్దామనుకున్నా. ఇప్పుడు ఆ శ్రమ కూడా తప్పింది.”

“మరి నన్నెందుకు పిలిచారు?”

“బాగుచేసేవాణ్ణి పిలవలేదని రేపెవరూ అనకూడదుగా. ఐదు దాకా అక్కడే తంటాలు పడు. టీ కావాలంటే తెప్పిస్తా.”

“వద్దు సార్,” అని వచ్చేశాడు మెకానిక్కు.

హాలులో ఒకత్తె అక్షరం చదువుతుంటే మిగతా ముప్పై మందీ అందుకుని పైకి అంటున్నారు. కొట్టే పిల్ల కొడుతోంది. పైకప్పు రేకులు అదురుతున్నాయి. తప్పంటే మళ్ళీ మొదటికి. అలుపన్నది లేదు.

మేనేజరు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. “ఏం అత్తా, కలిసిందా?”

“కలిసేదాకా వదలం సారు.”

“వదలక ఏం చేస్తారు?”

“అరుస్తాం. ఆ చెవి ఈ గోడకు వచ్చేదాకా ఈ హాలు నోరు మూయదు.”

“ఐదు కొడితే అదే మూతపడుతుందిలే.”

“మీ గడియారం మీది సారు. మా నోరు మాది.”

ఆయన నవ్వుకుంటూ పోయాడు. మెకానిక్కుకు ఒళ్ళు మండింది. తను నేర్చింది బాగుచేసే విద్య. చెడిందానికి కాపలా కాయడం ఏ గురువూ నేర్పలేదు.

నాలుగూ నలభైకి అత్త పక్కన చేరి గొంతు తగ్గించాడు.

“అత్తా, పాస్‌వర్డు మార్చింది ఆయనే. రౌటరు వెనక చిన్న బెజ్జం ఉంది. సూది పెట్టి కాసేపు నొక్కితే అంతా మొదటికొస్తుంది. మిగతాది ఐదు నిమిషాల్లో నేను కలిపేస్తా. అందరూ వేసేయొచ్చు.”

“నీకు మాట రాదూ?”

“వస్తే రానీ. ఈ ఒక్క ఫ్యాక్టరీ చూసుకుని పుట్టానా ఏంటి? సూదివ్వు.”

అత్త జాకెట్టుకు గుచ్చుకున్న సూది తీసింది. అతని మొహం కేసి చాలాసేపు చూసింది. సూది మళ్ళీ అక్కడే గుచ్చేసుకుంది.

“వద్దు నాయనా. ఐదు దాకా దాని జోలికి పోకు.”

“ఇంకా ఇరవై నిమిషాలుంది అత్తా.”

“ఉండనీ.”

“ఇంత భయమున్నదానివి నిలబడ్డమెందుకు?”

అత్త వెనక్కి తిరిగి, “ఆపారేమే? కొట్టండి. గట్టిగా చదవండి,” అంది.

మెకానిక్కు సామాను సంచిలో పడేసుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఇరవై నిమిషాలూ ఆ పాట విన్నాడు. చెవుల్లో సీసం పోసినట్టుంది.

ఐదు గంటల సైరను కూసింది. మేనేజరు వచ్చాడు, వెనకే ఆవలిస్తూ బావమరిది వచ్చాడు.

“అయిపోయింది. ఇంక మిషన్లెక్కండి.”

“లెక్క చూడకుండా ఎలా ఎక్కుతాం?” అంది అత్త. “నెట్టు ఇప్పించండి సారు.”

“లెక్కేముంది, గుండుసున్నా.”

“సున్నా చూపించడానికి మీకు భయమెందుకు?”

ముప్పై రెండు జతల కళ్ళు ఆయన మీదే ఉన్నాయి. ఆయన ఒక నవ్వు నవ్వి, అసలు పాస్‌వర్డు తనే కొట్టాడు. తెర మీద గుండ్రం తిరగడం మొదలెట్టింది.

మెకానిక్కు జాలిగా అత్త చెవి దగ్గరికి వంగాడు. “ఏం చూస్తావు అత్తా? ఒక్క ఓటూ పడలేదుగా.”

అత్త తెర మీంచి చూపు తిప్పలేదు.

“మేం షిఫ్టుకు ముందే వేసేశాం నాయనా.”