అరచేతులు చూసే మనిషి

ఆ ముసలామె లైనులోకి అడుగుపెట్టగానే తలుపులు ఒక్కొక్కటిగా మూసుకున్నాయి.

బోరింగు దగ్గర పూజిత ఒక్కతే మిగిలింది. ఇంటింటి సర్వే కోసం వచ్చిన పిల్ల. ఊరు వరంగల్, చదువు కలకత్తాలో.

హౌరాలో టికియాపారా రైలు పట్టాల వెనక, వీధులూడ్చే పనివాళ్ళ క్వార్టర్లవి. అందరూ శ్రీకాకుళం దగ్గర ఒకే ఊరినుంచి తాతల నాడు వచ్చినవాళ్ళు. తెలుగు లైను అంటే రిక్షావాడు తిన్నగా తెచ్చి దింపుతాడు.

ముసలామె వచ్చి పూజిత చెయ్యి పట్టుకుంది. గీతలు చూడలేదు. కళ్ళు మూసుకుని, అరచేతిని బొటనవేలితో అంగుళం అంగుళం నొక్కుకుంటూ పోయింది. ఆ వేళ్ళ చల్లదనానికి పూజిత చెయ్యి వెనక్కి లాక్కోబోయింది.

"నీకు రానేదు," అంది ముసలామె.

"ఏం రాలేదు?"

"ఇక్కడోలు ఏటి తాగతారు తల్లీ?"

"అది నాది కాదమ్మా. నీళ్ళ సంగతి వేరే సారు చూస్తరు."

"ఆ సారేమో డాట్టరుబాబునడగమన్నాడు. డాట్టరుబాబు నిన్నడగమన్నాడు."

అందులో అబద్ధం లేదు. పేరుకి ఉమ్మడి పరిశోధన. నీళ్ళు చూసే సౌమిక్, జబ్బులు చూసే డాక్టర్ రఘురాం, మనుషుల్ని చూసే పూజిత. ఉమ్మడి కాపురంలో వేరు పొయ్యిల్లా ఎవరి రోజున వాళ్ళు వచ్చి, ఎవరి పని వాళ్ళు చూసుకుని పోతున్నారు.

ముసలామె ఎదురుగా ఉన్న నరసమ్మ అనే ఆమె ఇంటి తలుపు తోసుకుని లోపలికి నడిచింది, వెనకే పూజిత. అక్కడ నరసమ్మ కోడలు రమాకుమారి కుట్టుమిషను దగ్గర కూర్చుని ఉంది. ఆ లైనులోనే పుట్టి, ఆ లైనులోకే కాపురానికి వచ్చిన పిల్ల. ముసలామె ఆ అరచేతిని నొక్కింది. బొటనవేలు ఒకచోట ఆగిపోయింది. భోరుమని ఏడ్చింది.

"నా కోడల్నొగ్గే!" నరసమ్మ పెనుకేక పెట్టింది.

"ఎవరామె?" అంది పూజిత.

"ఊర్నించొచ్చినాది. పేరెత్తకమ్మా. ఇంట్లో ఆ పేరెత్తకూడదు."

చేతులు చూసి జోస్యం చెప్పే మనిషనుకుంది పూజిత.

వారం గడిచినా ముసలామె పోలేదు. తాళం వేసిన ఇళ్ళ గుమ్మాల్లోనే కూర్చునేది. లోపల ఎవరో ఉన్నట్టు పేర్లు పెట్టి పిలిచేది. "ఏటి తాగినావు నాయినా? ఏటి తిన్నావు?" అని మూసిన తలుపుల్ని అడిగేది. ఆ గొంతు విని తల్లులు పట్టపగలే పిల్లల్ని లోపలికి లాక్కునేవాళ్ళు.

ఆమె ఉన్నంతసేపూ ఎవరూ తలుపు తియ్యరు. సర్వే అడుగు ముందుకు పడదు. పూజితకి విసుగెత్తింది. లైను పెద్ద బంగారయ్యతో చెప్పి, ఆమెని హౌరా స్టేషనుకి పంపించి ఊరి రైలెక్కించేసింది.

ముసలామె మూట చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

రిపోర్టు ఇవ్వాల్సిన రోజుకి ముందు రోజు ముగ్గురూ మొదటిసారి ఒక బల్ల దగ్గర కూర్చున్నారు. బోరింగు ఉంచాలా, మూసెయ్యాలా అన్నది ఆ రిపోర్టే తేల్చాలి.

"నీళ్ళల్లో ఆర్సెనిక్ ఉంది. మామూలుగా కాదు, చాలా ఉంది," అన్నాడు సౌమిక్.

"మరి జబ్బు మనిషి ఒక్కడూ దొరకలేదే!" అన్నాడు రఘురాం. "ఆర్సెనిక్ ఒంటికి పడితే అరచేతులు కాయలు కాస్తాయి. ఇక్కడా కాశాయి గానీ, చీపురు పట్టే చేతులవి."

"జబ్బుపడితే ఊరికి పంపిస్తరు సార్. అందుకే అన్నేసి ఇళ్ళకి తాళాలు," అంది పూజిత.

"నాకు చెప్పలేదేం?"

"మీరు అడగలేదు."

రఘురాం తన కాగితాలు మూసేశాడు. ఆ ఇబ్బంది పోగొట్టడానికే పూజిత నవ్వుతూ ముసలామె సంగతి ఎత్తింది.

"వింత మనిషి సార్. ఊడ్చేటోళ్ళ చేతులు ముట్టదు. చీపురు పట్టనోళ్ళ చేతులే వెతికి వెతికి చూసేది. మిషను కుట్టే పిల్ల చెయ్యి నొక్కి ఏడ్చింది."

రఘురాం చేతిలో టీ గ్లాసు ఆగిపోయింది.

"మిషను కుట్టే పిల్లకి అరచేతిలో కాయలా?"

ముగ్గురూ లేచి నిలబడ్డారు. టాక్సీలో ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

వాళ్ళు వెళ్ళేసరికి నరసమ్మ సంచి సర్దుతోంది. రమాకుమారికి నాలుగు రోజులుగా అన్నం సయించడం లేదట. ఆ సాయంత్రం బండికే ఊరి ప్రయాణం.

రఘురాం ఆ పిల్ల అరచేతులు వెలుతురుకి తిప్పాడు. చర్మం కింద జొన్నగింజల్లా గట్టిగా, నల్లగా. అరికాళ్ళు చూశాడు. అక్కడా అవే.

"రైలెక్కించకండి. నాతో ఆసుపత్రికి రానివ్వండి," అన్నాడు. "ఇంకా సమయం ఉంది."

బయట సౌమిక్ బోరింగు పిడికి ఎర్రగుడ్డ కట్టేస్తున్నాడు.

పూజితకి ఏడుపొచ్చింది. "ఆమెని మళ్ళీ పిలిపిద్దాం నరసమ్మగారూ. తప్పు నాది. జోస్యం చెప్పే మనిషనుకున్న."

"ఇంకెక్కడి మనిషమ్మా? రైలు దిగి గుమ్మం తొక్కకుండానే పోనాది. నిన్ననే ఫోనొచ్చింది."

పూజిత కళ్ళు తుడుచుకుని మళ్ళీ అడిగింది. "ఎవరామె?"

నరసమ్మ ఇల్లు దాటి వీధిలోకొచ్చింది. తాళాలు వేసిన గుమ్మాల వరసని ఆ చివరిదాకా చూసింది. గొంతు తగ్గించి చెప్పింది.

"ఈ ఇల్లల్లోంచి ఊరెల్లి సచ్చిపోయినోలందరికీ, పాడె మీదెట్టే ముందు సేతులూ కాల్లూ తోమి తానం సేయించినామె, తల్లీ."