నిదానం పిన్ని

"అటు వద్దు, రోడ్డు తవ్వేశారు. బడి వెనకనుంచి పోదాం," అంది నిదానం పిన్ని.

లాయరమ్మ నవ్వింది.

"నిన్న సాయంత్రమే కారులో అటునుంచి వచ్చాను పిన్నిగారూ. గొయ్యీ లేదు, గియ్యీ లేదు."

ఆదివారం తెల్లవారగానే పార్కు గేటు దగ్గర చేరే రన్నింగ్ క్లబ్బు అది. లాయరమ్మ ఆ పేటకు కొత్త. అయినా చేరిన నెలకే అందరికంటే ముందు పరిగెత్తడం మొదలుపెట్టింది.

పిన్ని అందరికంటే వెనక. ఆ పేరు ఎవరు పెట్టారో గాని, ఆవిడ కూడా దానికే పలికేది.

క్లబ్బు నడిపే పళ్ళ డాక్టరు ఇద్దరినీ చూశాడు.

"బడి వైపే పోదాం లెండి. పెద్దావిడ అడుగుతున్నారు కదా."

లాయరమ్మకు ఒళ్ళు మండింది. తను కారులో వచ్చిన దారిలో మెరక ఉంది. అది ఎక్కలేకే పిన్ని సాకులు చెబుతోందని ఆమె నమ్మకం.

పరుగు ముగిశాక ఎప్పటిలాగే అందరూ పిన్ని కోసం కాచుకుని నిలబడ్డారు. ఆవిడ ఆయాసపడుతూ రాగానే లాయరమ్మ ఎదురు వెళ్ళింది.

"ఏమీ అనుకోకండి. ఇక్కడే నడిచేవాళ్ళ బృందం ఒకటుంది. మీకు అదయితే హాయిగా ఉంటుంది."

పిన్ని మొహం తుడుచుకుంది.

"నావల్ల ఆలస్యమవుతోందా అమ్మా?"

"అవుతోంది." కోర్టులో లాగే సూటిగా చెప్పింది లాయరమ్మ.

"అయితే సరే. పల్లంలో మాత్రం మరీ దూకకు తల్లీ, మోకాళ్ళు పాడవుతాయి."

పిన్ని గొంతులో నిష్ఠూరం లేదు.

మరుసటి ఆదివారం ఆవిడ రాలేదు.

లాయరమ్మ ఫోనులో మ్యాపు చూసి కొత్త దారి ఎంచింది. అందరూ హుషారుగా బయలుదేరారు. ఎవరికోసమూ ఆగే పని లేదు.

మెరక దిగి మలుపు తిరగ్గానే, పైపుల కోసం రాత్రికి రాత్రి తీసిన గొయ్యి.

ముందున్న లాయరమ్మ ఎలాగో దాటేసింది. వెనకే వస్తున్న డాక్టరు దాటలేకపోయాడు. కాలు విరిగింది.

"ఇన్నేళ్ళలో మన క్లబ్బులో ఒక్కరికీ గీత పడలేదు," అన్నాడాయన, ఆసుపత్రిలో కట్టు కట్టించుకుంటూ.

లాయరమ్మ లేచింది. అక్కడినుంచి తిన్నగా పిన్ని ఇంటికి వెళ్ళింది. తప్పు చేశానని తెలిశాక నాన్చే మనిషి కాదు.

బాబాయి తలుపు తీశాడు.

"పిన్నిగారికి క్షమాపణ చెప్పి, మళ్ళీ రమ్మని అడగడానికి వచ్చాను బాబాయిగారూ."

"వంతెన అవతలి క్లబ్బులో చేరిపోయిందమ్మా. ప్రతివారం వస్తానని మాట కూడా ఇచ్చేసింది. ఇంకా ఇంటికి రాలేదు."

"వాళ్ళు మాకంటే జోరుగా పరిగెడతారు. పిన్నిగారు వాళ్ళను అందుకోగలరా?"

"ఎక్కడ అందుకుంటుందీ," అని నవ్వాడు బాబాయి. "వాళ్ళెవరూ లేవకముందే ఆ దారంతా ఒకసారి పరిగెత్తి చూసొచ్చి, మళ్ళీ వాళ్ళతో పరిగెత్తాలి కదమ్మా, ఇన్నాళ్ళూ మీతో పరిగెత్తినట్టే."