కనిపించేంత దూరం

సంచిలో తువ్వాలు, సబ్బుపెట్టె, దువ్వెన పడ్డాయి. ఆ పైన దుప్పటి మడత. జిప్పు సగంలో మొరాయించింది. ఆవిడ మంచం మీద కూర్చుని కాస్త ఊపిరి పీల్చుకుంది.

బల్ల దగ్గర ఆవిడ భర్త తలెత్తలేదు. వీధిలో అందరూ ఆయన్ని డిక్షనరీ మాస్టారు అంటారు. ఇరవై ఆరేళ్ళుగా ఇంగ్లిషు మాటలకు తెలుగు అర్థాలు కార్డుల మీద రాస్తున్నాడు. ఆ కార్డులు సర్దీ సర్దీ ఆవిడకూ చదవడం వచ్చేసింది.

నాలుగేళ్ళ క్రితం ఆవిడ కాలు విరిగితే ఏడాది పాటు ఆయన కలం ముట్టలేదు. ఒప్పుకున్న ప్రెస్సు కాస్తా చేజారింది. ఇప్పుడీ కొత్త ప్రెస్సువాళ్ళు బుధవారం దాటితే పుస్తకం వెయ్యలేమన్నారు. ఈరోజే బుధవారం.

ఒక్క కార్డు మిగిలింది. యాండర్ (yonder).

"అక్కడ అని రాసెయ్యండి," అందావిడ.

"అక్కడ వేరు. ఇది పాతకాలపు మాట, పుస్తకాల్లోదే. దూరంగా ఉండాలి, కానీ కంటికి ఆనాలి. పిలిస్తే వినపడదు, చూస్తే కనపడుతుంది. ఏదీ, ఓ వాక్యం చెప్పు."

ప్రతి మాటకూ వాక్యం చెప్పేది ఆవిడే. కిటికీలోంచి వీధి చివరి మలుపు వైపు చూసింది.

"అల్లదిగో, ఆ మలుపు దగ్గర మా ఆయన. ఇంకా కనిపిస్తున్నాడు."

"మధ్యలో నన్నెందుకు లాగుతావ్," అంటూనే రాసుకున్నాడు. 'అల్లదిగో' కింద రెండు గీతలు గీశాడు. ఏడాదిగా వెతుకుతున్న అర్థం అదే.

లేచి, కార్డుల పెట్టెను రెండు చేతులా ఎత్తుకున్నాడు. అప్పుడు కనపడింది సంచి.

"నాకు మూడు రోజులకి ఇంత మూటా? రెండు జతలు ఈ పెట్టెలోనే కుక్కాన్లే. దాన్నెవరు మోస్తారు?"

"సరే, ఉండనివ్వండి."

"నీ ఆయాసం ఎలా ఉంది?"

"దానికేం, నాకంటే మొండిది. మీకు బస్సు పోతుంది."

ప్రెస్సులో పని చూసుకుని శనివారానికల్లా వచ్చేస్తానని ఆయన మెట్లు దిగాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని గుమ్మంలో నిలబడింది. మలుపు దగ్గర ఆయన వెనక్కి తిరిగాడు. చేతులు ఖాళీ లేక తల ఊపాడు. ఆవిడ ఎత్తిన చెయ్యి, ఆయన కనుమరుగయ్యేదాకా దించలేదు.

లోపలికొచ్చి కళ్ళజోడు తీసి సంచిలో వేసింది. ఈసారి జిప్పు పడింది.

అన్న ప్రకారం మాస్టారు శనివారం పొద్దున్నే తిరిగొచ్చాడు. ఆ బుధవారం మధ్యాహ్నం తన సంచి తీసుకుని, ఆయనకు చెప్పకుండా గుండె ఆపరేషన్‌కి వెళ్ళిన ఆవిడ మాత్రం తిరిగి రాలేదు.