సైదాబీకి ధైర్యం

“ఆ కాలు మీద చెయ్యేశావంటే చూడు!” అంటూ సుబ్బమ్మ మంచం మీద నుంచే చేతికర్ర ఎత్తింది. మోకాలు వంచుదామని వచ్చిన ఫిజియో వెంకట సాయి రెండడుగులు వెనక్కి వేశాడు.

“అత్తయ్యా, ఆయన మన మంచికే గదా వచ్చింది,” అంది కోడలు రోహిణి.

“ఏంది మంచి? వంచితే లోపలున్న ఇనుము జరుగుద్దని పక్కింటి ప్రేమమ్మ చెప్పలా? కుట్లు పిగిలితే ఈయనొచ్చి కుడతాడా?”

నరసరావుపేటలో కుడి మోకాలు మార్చి ఆరు వారాలైంది. రొంపిచెర్లలో పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లూ తలా ఒక సలహా పారేసి పోయారు. ఒకామె వంకాయ ముట్టుకోవద్దంది, చీము పడుతుందట. ఇంకొకామె మోకాలి కింద దిండు పెట్టుకుంటే హాయిగా ఉంటుందంది. సుబ్బమ్మకు ఒక్క డాక్టరు మాట తప్ప అందరి మాటా నచ్చింది. నెల రోజులు ఆ దిండు తియ్యకుండా పడుకుంది. ఇప్పుడు కాలు పూర్తిగా సాగదు, పూర్తిగా ముడుచుకోదు. వాపు దిగదు. లెట్రిన్‌కి పోవాలన్నా రోహిణి భుజం పట్టుకోవాల్సిందే. పత్తి చేలో పదిమంది కూలీలను ఉరుకులు పెట్టించిన మనిషికి అంతకంటే నామోషీ ఏముంటుంది?

డాక్టరు మూడు వారాలు గడువు పెట్టాడు. ఈలోగా మోకాలు తొంభై డిగ్రీలు వంగాలి. లేదంటే మళ్లీ మత్తు ఇచ్చి తనే బలవంతాన వంచుతానన్నాడు. అప్పటికీ లొంగకపోతే ఆ కాలు జన్మంతా కర్రేనట. మళ్లీ ఆ ఆపరేషన్ గదిలోకి తీసుకుపోతారనగానే సుబ్బమ్మకు పైప్రాణాలు పైనే పోయాయి. అయినా వంచనివ్వదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మర్నాడు రోహిణి ఒకామెను వెంటబెట్టుకొచ్చింది. పేరు సైదాబీ, అరవై దాటి ఉంటాయి. ఊళ్లో ఉన్న కూతురింటికి ఈమధ్యే వచ్చింది. గోడ పట్టుకుని మెట్లెక్కి, “యా అల్లా” అంటూ కుర్చీలో కూలబడింది.

“ఈమెకీ మోకాళ్లేనంట అత్తయ్యా. ఆపరేషనంటే పాపం వణికిపోతంది. చేయించుకున్న మీతో మాట్లాడితే కాస్త ధైర్యం వచ్చిద్దని తీసుకొచ్చా,” అంది రోహిణి.

సైదాబీ ముందుకు వంగింది. “నిజం చెప్పక్కా. చానా నొప్పా?”

నరకం కనపడుద్దని చెప్పబోయింది సుబ్బమ్మ. కానీ ఎదుటి మనిషి మొహంలో బెదురు చూస్తే జాలేసింది. దానికి తోడు, నేనింత పిరికిదాన్నని పరాయిదాని ముందు ఎట్టా ఒప్పుకునేది?

“నొప్పా, పాడా! చీమ కుట్టినట్టు ఉంటది, అంతే.”

“మరి వంగుద్దా? ఏదీ, చూపిచ్చు.”

చచ్చింది గొర్రె! సుబ్బమ్మ మంచం అంచుకు జరిగి, కాళ్లు వేలాడేసి, పళ్ల బిగువున మోకాలు వంచింది. పట్టపగలే చుక్కలు కనిపించాయి. మొహాన మాత్రం నవ్వు చెదరనివ్వలేదు.

అప్పటినుంచి సైదాబీ రోజు విడిచి రోజు వచ్చేది. వచ్చిన ప్రతిసారీ ఒక కొత్త భయం పట్టుకొచ్చేది.

“మెట్లెక్కగలవా అక్కా? చేతులు ఆనకుండా కుర్చీలోంచి లేస్తావా? మోకాలి కింద దిండు పెట్టుకుంటే హాయంటగా?”

“అమ్మో, దిండు జోలికి పోమాక! నేను పెట్టుకునే చెడ్డా.”

అడిగిందల్లా చేసి చూపించాలి గదా, సైదాబీ రాని రోజుల్లో సుబ్బమ్మే వెంకట సాయికి ఫోన్ చేయించేది. అతను వంచుతుంటే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేది. ఇనుమేమీ జరగలేదు, కుట్లేమీ పిగల్లేదు.

కానీ మోకాలికంటే మనసు ఎక్కువ సలిపింది. నోరులేని మనిషిని నమ్మించి గొంతు కోస్తున్నానా? రేపు ఆమె మంచాన పడి ఏడిస్తే ఆ ఉసురు ఎవరికి తగులుతుంది? చెప్పేద్దామనుకోవడం, పరువు అడ్డొచ్చి మింగేయడం. అన్నం కూడా సహించడం మానేసింది.

గడువుకు ముందురోజు వెంకట సాయి కొలత తీశాడు. “తొంభై అయిదు! ఇంక మత్తు అక్కర్లేదు పిన్నిగారూ,” అన్నాడు. రోహిణి దేవుడి పటానికి దండం పెట్టుకుంది. సుబ్బమ్మ ఆనందం పట్టలేక అతని తల నిమిరి పంపింది.

అతను వెళ్లిన కాసేపటికే సైదాబీ వచ్చింది.

“అక్కా, నిన్ను చూసి ధైర్యమొచ్చింది. సోమవారం చేయించుకుంటన్నా.”

నోరు మూసుకుంటే పరువు దక్కుతుంది, కాదనేవాళ్లెవరూ లేరు. అయినా సుబ్బమ్మ ఉండబట్టలేక లేచింది. కర్ర సంగతే మర్చిపోయి నడిచి వెళ్లి, సైదాబీ పక్కన కూర్చుని ఆమె చేతులు పట్టుకుంది.

“నన్ను తిట్టు సైదాబీ. నీకు చెప్పిందంతా అబద్ధం. చీమ కుట్టటం కాదమ్మా, ప్రాణం పోయి వచ్చిద్ది. నువ్వొచ్చేదాకా నేను మంచమే దిగలా. నీ ముందు చులకనవుతానని నవ్వా, నువ్వు పోయాక ఏడ్చా. చేయించుకోవద్దు అనటంలా. కానీ నొప్పి ఉండదనుకొని మాత్రం పోమాక తల్లీ. అన్నీ తెలుసుకొనే పో.”

గుమ్మంలో రోహిణి తల దించుకుంది. సైదాబీ కళ్లనిండా నీళ్లు తిరిగాయి.

“నువ్వే నన్ను క్షమించాలక్కా,” అంటూ వంగి, చీర అంచు మోకాళ్ల పైదాకా ఎత్తింది.

రెండు మోకాళ్ల మీదా నిలువునా పాత కుట్ల మచ్చలున్నాయి.