సర్వజ్ఞుడి కుడికన్ను

సోమవారం పొద్దున్నే కుడికంట్లో మెరుపులు మెరిశాయి. వెంటనే నల్లటి నలుసులు దోమల్లా ముసిరాయి.

"నిద్ర చాలక" అని తేల్చేశాడు పెద్దమనిషి.

"ఎవరికైనా చూపించుకోండి" అంది భార్య.

"నాకా చెప్తున్నావు?"

ఎవరేం చెప్పినా ఆయన జవాబు అదే. అందుకే బావమరుదులు ఆయనకు సర్వజ్ఞుడని పేరు పెట్టారు. చాటుగానే లెండి.

గురువారానికి కంటికి ఓ పక్కనుంచి నల్లటి తెర దిగింది. కప్పు అందుకోబోయి గాలిని పట్టుకున్నాడు. కాఫీ చొక్కా తాగింది. భార్య ఇక బతిమాలలేదు. రెక్క పట్టుకుని కారెక్కించింది.

కంట్లోకి లైటు వేసి చూసిన డాక్టరమ్మ తల పట్టుకుంది.

"నాలుగు రోజులు ఏం చేస్తున్నారండీ?"

"తీరిక దొరకలేదు."

"అసలేమైందమ్మా?" అంది భార్య. "ఈయన నాకేదీ చెప్పి చావరు."

"కంటి వెనక గోడకి కాగితంలా అంటుకుని ఉండే పొరే రెటీనా. దానికి చిరుగు పడిందమ్మా. అందులోంచి నీరు దూరి పొరని ఊడదీస్తోంది. మొదటిరోజే వచ్చుంటే చిరుగు చుట్టూ లేజర్ కొట్టి ఇంటికి పంపేదాన్ని. ఇప్పుడిక ఆపరేషనే."

"చూపొస్తుందా?"

"నడిమి భాగం ఇంకా ఊడలేదు కాబట్టి ఆశుంది. ఇంకొక్కరోజు ఆగుంటే ఆ మాటా అనలేను."

మత్తు కంటికే ఇచ్చారు. నోటికి ఇవ్వలేదు.

"లోపలి జిగురంతా తీశావా? లేజర్ ఇంకో వరస వెయ్యి. గ్యాసు ఎంత పెడుతున్నావు?"

నర్సు నవ్వు ఆపుకోలేకపోయింది.

"కాసేపు పేషెంటులా ఉంటారా?" అని కసిరింది డాక్టరమ్మ.

కంట్లో పెట్టిన గ్యాసు బుడగ పొరని గోడకి అదిమిపెట్టాలి. అందుకని వారంపాటు బోర్లా పడుకోమన్నారు. ఎవరి ముందూ తల వంచని మనిషి రెండో గంటకే దిండులోకి మూలిగాడు.

"మెడ విరిగిపోతోంది. ఇలా మనుషులెవరైనా పడుకుంటారా?"

"అందరూ పడుకోవట్లేదూ?" అంది భార్య, కాస్త తృప్తిగా.

అదే ఆసుపత్రిలో, ఆయన రోగుల్ని చూసే గది బయట బల్లల మీద, కంట్లో మెరుపులొస్తే ఆ రోజే పరుగెత్తుకు రావాలని ఆయన తిట్టగా తిట్టగా నేర్చుకున్న రోగులు, పెద్ద డాక్టరుగారు ఇంకా రాలేదేమిటా అని ఖాళీగా ఉన్న ఆయన కుర్చీ వైపే చూస్తున్నారు.