సీటు కింది కర్ర

"బ్రేకు లైటు వైరు దొరికిందమ్మా. కరెంటు వస్తాదో లేదో చూడాల. పెడలు తొక్కేదానికి ఎవరన్నా ఉండారా?" పికప్ వెనక, ట్రైలర్ తగిలించే చోట టెస్ట్ లైటు పట్టుకుని కూర్చున్న మెకానిక్ పీరా సాహెబ్ అడిగాడు.

"ఎవురూ లేరన్నా, నాకు పనుండాది. సాయంత్రం బండి కొనేవాళ్లొస్తారు, అంతలోపల కావాల," అంది లోకేశ్వరి.

అతను లేచి వచ్చి, ఏదైనా దొరుకుతుందేమోనని డ్రైవరు సీటు కింద తడిమాడు. మూరెడు కర్ర తగిలింది. ఒక కొన బ్రేకు పెడలు మీద పెట్టి, రెండో కొన సీటు అంచుకు ఆనించాడు. కొలిచి కోసినట్టు సరిపోయింది.

"అది ఆవుల్ని అదిలించే కర్ర కదన్నా?"

"కాదమ్మా. తొక్కేదానికి మనిషి లేకపోతే ఇట్ల కర్ర పెట్టి, ఎనక్కి పోయి లైటు ఎలుగుతాందో లేదో చూసుకుంటారు. మునిప్రసాద్ చాన్నాళ్లు వాడినట్టుండాడు. కొన నున్నగా అరిగిపోయింది."

భర్త మునిప్రసాద్ పోయి మూడు నెలలు. రోజూ తెల్లవారి పాలక్యాన్లు ఎక్కించాక, "లోకా, ఒక్క నిమిషం వచ్చి బ్రేకు తొక్కు," అని కేకేసేవాడు. "నాకు పనుండాది," అనేది ఆమె. కొన్నాళ్లకు పిలవడం మానేశాడు. వైర్లు బాగుపడ్డాయనుకుంది.

పీరా సాహెబ్ వెనక్కి వెళ్లగానే లోకేశ్వరి ఆ కర్ర తీసి, సీట్లో కూర్చుని ఒళ్లో పెట్టుకుంది. బ్రేకు తొక్కింది.

"ఎలిగిందమ్మా! చాలు, కాలు తియ్యి," వెనక నుంచి కేక వినిపించింది.

ఆమె కాలు తీయలేదు.