గదికొక బిళ్ల

పాత ఆంప్లిఫయరు పొగలు కక్కిన రోజున చలపతి మనసు రాయి చేసుకున్నాడు. బీరువాల్లాంటి స్పీకర్లతో సహా దాన్ని పాతసామాన్ల బండికెక్కించి, కాకినాడలో అప్పటికే ఇంటింటా ఉన్న స్పీకరు బిళ్లల్ని గదికొకటి చొప్పున గోడకు అతికించాడు. పాటలైనా, గది నుంచి గదికి మాటలైనా, పొరుగింటికి కబురైనా ఇక వాటిలోంచే. చెవికి గుచ్చుకునేది ఏదైనా అవే వడగట్టేస్తాయి.

"గరగర పోయి హాయిగా ఉందండీ," అంది భార్య హైమవతి.

"హాయే గానీ, పాడేవాడు ఊపిరి తీసుకోవడం కూడా వినబడట్లేదే!"

మర్నాడు ఆమె పప్పుకి తాలింపు వేస్తుండగా వంటింటి బిళ్ల పలికింది. "హైమా, ఒకసారి రా." చలపతి గొంతే, తేనెలా ఉంది.

"వస్తున్నానండీ, తాలింపు మాడిపోద్ది."

అతను మళ్లీ పిలిచాడు, అంతే తీరిగ్గా. ఆమె పొయ్యి కట్టేసి, చేతులు తుడుచుకుని వెళ్లింది.

చలపతి నేల మీద పడి ఉన్నాడు. ఛాతీ పట్టుకుని, ఊపిరాడక రొప్పుతూ ఆమె పేరే పిలుస్తున్నాడు.

హైమవతి బిళ్ల వైపు తిరిగి పక్కింటి రత్నకుమారి కోసం గొంతు చించుకుని అరిచింది. "వదినగారూ! రండి వదినగారూ!"

"అలాగేనండీ, టీ తాగేసి వస్తాను," అని నవ్వుతూ జవాబొచ్చింది.

ఆమె వట్టికాళ్లతో పరుగెత్తి పక్కింటి తలుపు బాదింది. కప్పుతో తలుపు తీసిన రత్నకుమారి ఆమె ముఖం చూసి బిత్తరపోయింది. "అయ్యో, ఏమైందండీ? గట్టిగా పిలవొచ్చు కదా!"

"అరిచానండీ," అంది హైమవతి ఏడుస్తూ.

ఇద్దరూ పరుగున వచ్చేసరికి ఇల్లు ప్రశాంతంగా ఉంది. చలపతి పిలవడం లేదు.